క్యాష్ టాలీ అయినా నిద్ర పట్టదేం?

మా కౌంటర్ ముందు జనం తోసుకుంటున్న రోజున నాకు తలనొప్పి రాదు. ఈ మాట చెప్తే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. బ్యాంకంతా బోసిగా ఉండి, ఫ్యాను చప్పుడు వినపడే రోజునే సాయంత్రానికి కణతలు పట్టేస్తాయి. ఇదేం విడ్డూరమో అని చాలాకాలం నాకూ అర్థం కాలేదు.

నేనుండేది నరసరావుపేటలో. ఉద్యోగం వినుకొండ దారిలో ఓ పల్లెటూరి బ్యాంకు శాఖలో, హెడ్ క్యాషియర్‌ని. ప్రభుత్వరంగ బ్యాంకు అన్నంతవరకు చాలు, పేరెందుకు. నేను చేరేనాటికి లెడ్జర్లు ఇంకా అటకెక్కలేదు. కౌంటర్ల వెనకాల డజను మందిమి ఉండేవాళ్ళం. ఇప్పుడు మేనేజర్ గారితో కలిపి ఐదుగురం. జన్‌ధన్ ఖాతాలు, డ్వాక్రా గ్రూపులు, పంట రుణాలు, బంగారం లోన్లు అన్నీ కలిసి జనం మాత్రం అప్పటికన్నా ఎన్నో రెట్లు.

2024 మే నెల చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎన్నికల కోడ్ వల్ల ఆ నెల పింఛన్లు ఇంటికి తెచ్చి ఇవ్వకుండా, ఖాతాలున్నవాళ్ళకి బ్యాంకుల్లో వేశారు. ఒకటో తారీకు మేడే, మాకు సెలవు. రెండో తారీకు పొద్దున నేను బస్సు దిగేసరికే గేటు ముందు చెప్పుల వరస. మనుషులు వేపచెట్టు నీడలో, చెప్పులు క్యూలో. మే నెల పల్నాడు ఎండ గురించి పల్నాడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మేనేజర్ గారు పక్క టెంట్‌హౌస్ నుంచి షామియానా తెప్పించారు. మా అటెండర్ బాబాయ్ రెండు డ్రమ్ముల నీళ్ళు పెట్టించాడు. ఫీల్డాఫీసర్ తన బల్ల బయటకి లాక్కుని, రాయడం రానివాళ్ళ విత్‌డ్రాయల్ ఫారాలు నింపడానికి కూర్చున్నాడు.

నా దగ్గర పని ఒకటే. మనిషికి మూడు వేలు, ఆరు ఐదొందల నోట్లు. పాస్‌బుక్ లేనివాళ్ళకి ఆధార్ వేలిముద్ర. అక్కడొచ్చింది చిక్కు. మిరప్పళ్ళు కోసి, పత్తి తీసి అరిగిపోయిన వేళ్ళని మిషన్ ఎక్కడ గుర్తుపడుతుంది? బాబాయ్ ఒక గిన్నెలో నీళ్ళు, పాత తువ్వాలు తెచ్చిపెట్టాడు. వేలు తడిపి, తుడిచి, ఈ వేలు కాకపోతే ఆ వేలు, అదీ కాకపోతే చూపుడువేలు పక్కకి కాస్త వాల్చి. ఒక ముసలమ్మ నాలుగో వేలు కూడా పనిచేయకపోతే నా మొహంలోకి చూసి, “ఏందమ్మాయ్, నా యేలు నాది కాదంటదా నీ మిషను?” అంది. క్యూ అంతా నవ్వింది. ఆమె బొటనవేలు నా చేత్తో పట్టుకుని నొక్కితే చివరికి పచ్చలైటు వెలిగింది. ఆరు నోట్లూ ఆమె నోటితోనే లెక్కపెట్టించి పంపాను.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తిన్నాను. కాళ్ళు వాచిపోయాయి. క్యాష్ టాలీ చేసి, సేఫ్‌కి తాళాలు వేసి ఇంటికొస్తే పడుకున్న గుర్తు కూడా లేదు, అంత నిద్ర.

అదే ఏడాది వానాకాలంలో ఓ బుధవారం. ముసురు పట్టి జనమే లేరు. పదకొండింటికి సర్వర్ పోయింది. వస్తుందో రాదో, వస్తే ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. ఎరువుల షాపుకి డబ్బు కట్టాల్సిన రైతు నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. మూడింటికి సర్వర్ వచ్చింది, నాలుగింటికి వీడియో కాన్ఫరెన్స్. ఇన్సూరెన్సు పాలసీలు ఏ శాఖ ఎన్ని చేసిందని పేరు పేరునా పిలుపు. రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్ గ్రూపులో ‘ఈరోజు జీరో శాఖలు’ అని ఎర్ర అక్షరాల జాబితా. మా శాఖ పేరు ఐదోది. నేను చేసిన పని లెక్కేస్తే ఆ రోజు జీతం దండగ అన్నా అనొచ్చు, అంత తక్కువ. నిద్ర మాత్రం రెండింటిదాకా పట్టలేదు.

ఈ రెండు రోజుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాకే ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను.

ఒంట్లో జరిగేది తెలుసుకుంటే సగం భయం పోతుంది. ఎదురుగా పాము కనపడినా, ఫోన్లో పై అధికారి గొంతు వినపడినా శరీరం స్పందించే తీరు ఒకటే. మెదడులోని హైపోథాలమస్ నుంచి రెండు దారుల్లో కబురు వెళ్తుంది. ఒకటి నరాల దారి. క్షణాల్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు పిడచకట్టుకుపోవడం దాని పనే. రెండోది రక్తం దారి, కాస్త నెమ్మది. పిట్యూటరీ గ్రంథి మీదుగా మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులకి సమాచారం అంది, కార్టిసాల్ తయారవుతుంది. గొడవ జరిగిన ఇరవై ముప్పై నిమిషాలకి గానీ అది రక్తంలో బాగా పెరగదు. అందుకే కసిరిన కస్టమర్ వెళ్ళిపోయిన అరగంటకి, ఏ గొడవా లేని మనిషి పాస్‌బుక్ అందిస్తుంటే అతని మీద చిరాకు పుడుతుంది. పాపం, అతను చేసిందేమీ లేదు.

కార్టిసాల్ చెడ్డది కాదు. తెల్లవారుజామున అది పెరగబట్టే మనం లేచి నాలుగడుగులు వేస్తాం. రక్తంలోకి చక్కెర తెచ్చి కండరాలకి శక్తినిస్తుంది. పోట్లాడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇదని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1915లోనే రాశాడు. చిక్కేమిటంటే నేను పోట్లాడలేను, పారిపోనూ లేను. ముందు గాజు అద్దం, సొరుగులో లక్షల క్యాష్, మెడ మీద కెమెరా. తెచ్చిన శక్తంతా ఖర్చుకాకుండా ఒంట్లోనే ఉండిపోతుంది.

మరి పింఛన్ల రోజున ఎందుకు ఉండిపోలేదు?

దీనికి నాకు దొరికిన జవాబు లండన్ గుమస్తాల దగ్గరుంది. అక్కడ ప్రభుత్వ కార్యాలయాలుండే వీధి పేరు వైట్‌హాల్. ఆ ఉద్యోగుల ఆరోగ్యాన్ని 1967లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి గమనించారు. ఆ అధ్యయనాలతో పేరొచ్చిన డాక్టరు మైకేల్ మార్మట్. పెద్ద కుర్చీకి పెద్ద టెన్షన్, గుండెపోట్లన్నీ ఆఫీసర్లకే అని అప్పటిదాకా లోకం అనుకునేది. తీరా లెక్కలు తీస్తే తలకిందులు. అట్టడుగు గ్రేడువాళ్ళలో గుండెజబ్బు చావులు అందరికన్నా పై గ్రేడువాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో చాలా భాగం అలాగే మిగిలింది. 1985లో ఆడవాళ్ళని కూడా కలిపి, పదివేలమందికి పైగా ఉద్యోగులతో రెండో విడత మొదలుపెట్టారు. తన పని ఎప్పుడు, ఎలా చేసుకోవాలో తను నిర్ణయించుకునే వీలు ఎవరికి తక్కువో వాళ్ళకే గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో తేలింది.

ఇది చదివాక మా ఆయనకి చెప్పాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. “అయితే మీ మేనేజర్ కంటే మీ అటెండర్‌కే ఎక్కువ సెలవులివ్వాలి” అన్నాడు. వెటకారంగానే అన్నాడు గానీ, ఆలోచిస్తే తప్పేముంది?

పింఛన్ల రోజున పని కొండంత. కానీ ఆ పని నా చేతిలో ఉంది. గిన్నెలో నీళ్ళు పెడదామంటే పెట్టాం, క్యూ రెండు చేద్దామంటే చేశాం. వచ్చిన ప్రతి మనిషీ డబ్బు చూసుకుని వెళ్ళడం కళ్ళారా చూశాను. ముసురు రోజున నా చేతిలో ఉన్నదేమీ లేదు. సర్వర్ నాది కాదు, పాలసీ కొనడం మానడం రైతు ఇష్టం, జాబితా ఎవరో తయారుచేస్తారు. ఒత్తిడి అంటే పని బరువని మనం అనుకుంటాం. నా మటుకు అది పగ్గం మన చేతిలో లేకపోవడం.

మా పై ఆఫీసువాళ్ళు కూడా ఒత్తిడి గురించి పట్టించుకోలేదనకండి. స్ట్రెస్ మేనేజ్‌మెంట్ మీద శిక్షణ పెట్టారు. ఆదివారం! రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకి సెలవు 2015 సెప్టెంబరు నుంచి ఉంది, ఆ ముందు రోజు మొదటి శనివారం కాబట్టి ఆ అదృష్టమూ లేదు. వారమంతా పనిచేసి, ఉన్న ఒక్క ఆదివారం గుంటూరు బస్సెక్కాం. కోటు వేసుకున్న శిక్షకుడు గ్లాసు నీళ్ళు చేత్తో పట్టుకుని ఇది ఎంత బరువుందని అడిగాడు. ఎంతసేపు పట్టుకుంటే అంత బరువనిపిస్తుందనే ఆ గ్లాసు కథ వాట్సాప్‌లో చదవనివాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేరు. తర్వాత కళ్ళు మూసుకుని సముద్రతీరం ఊహించుకోమన్నాడు. నేను సూర్యలంక దాకా వెళ్ళానో లేదో, పక్క కుర్చీలో మేనేజర్ ఫోను బుర్రుమంది. గ్రూపులో మెసేజ్: ‘శిక్షణకి రాని శాఖలు.’

అయితే ఆ శిక్షకుడు చెప్పిన వాటిల్లో ఒకటి మాత్రం నాకు పనికొచ్చింది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, పీల్చేటప్పుడు పెరుగుతుంది. ఇది ఎవరికైనా సహజంగా జరిగేదే, వేగస్ అనే నరం చేసే పని. కాబట్టి పీల్చిన దానికన్నా వదలడం ఎక్కువసేపు ఉండేలా, నిమిషానికి ఆరు ఊపిర్ల చొప్పున తీస్తే ఒళ్ళు కుదుటపడుతుంది. కళ్ళు మూయక్కర్లేదు, పద్మాసనం అక్కర్లేదు. కట్ట మిషన్‌లో పెట్టి, నోట్లు గిరగిరా తిరిగేంతసేపు నేను నెమ్మదిగా ఊపిరి వదులుతాను. ఎదుటివాళ్ళు లెక్క చూసుకుంటున్నాననుకుంటారు. నాకదే కావాలి.

మిగతావన్నీ నా సొంత తంటాలు. తెల్లవారుజామున యూట్యూబ్ ధ్యానం నాలుగు రోజుల ముచ్చట. అందులోకి వచ్చే ప్రకటనలకే నాకు బీపీ పెరిగేది. మావాడు పుట్టినరోజుకి రంగులు వేసుకునే పుస్తకం కొనిచ్చాడు. దానికి వాడి చెల్లెలే రంగులేసింది.

కుదిరింది చీటీ. క్యాష్ లెక్క రాసే డినామినేషన్ చీటీల్లో వాడనివి ఒక కట్ట ఉంటుంది. సేఫ్ మూశాక, తాళాలు సంచిలో వేసుకునే ముందు, ఒక చీటీ వెనక రేపటి పనులు రాస్తాను. ‘చిరిగిన నోట్లు కట్టలు కట్టాలి. పది రూపాయల నాణేల సంచి అడగాలి. ఫలానా రైతు బంగారం లోను రెన్యూవల్, మిత్తి కట్టమని ఫోను.’ అంతే. చీటీ సొరుగులో, సొరుగుకి తాళం. శాఖలన్నిటినీ ఒకే సర్వర్‌కి కలిపే కోర్ బ్యాంకింగ్ రాకముందు మా శాఖలో సాయంత్రం డే ఎండ్, అంటే ఆ రోజు లెక్కల ముగింపు, పూర్తి కాకపోతే కంప్యూటర్లో మర్నాటి తేదీ తెరుచుకునేది కాదు. ఒళ్ళు కూడా అంతే, ఇవాళ్టి లెక్క మూయందే రాత్రిలోకి వెళ్ళదు. దీని మీద ప్రయోగం కూడా జరిగిందని తర్వాత తెలిసింది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2018లో అచ్చువేశారు. 57 మందిలో సగం మంది పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనులు రాశారు, మిగతా సగం చేసేసిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్ళకే సుమారు తొమ్మిది నిమిషాల ముందు నిద్ర పట్టింది. తొమ్మిది నిమిషాలే అని తీసిపారేయకండి. నిద్ర పట్టనివాళ్ళకి తెలుస్తుంది ఆ తొమ్మిది నిమిషాల విలువ.

మా అత్తగారు దీనికి సాక్షి. అంతకుముందు నేను టీవీ ముందు కూర్చున్నా నా కుడి బొటనవేలు చూపుడువేలి మీద జారుతూనే ఉండేది, నోట్లు లెక్కపెడుతున్నట్టు. “అమ్మాయ్, ఇంకా బ్యాంకులోనే ఉన్నావా?” అనేది ఆవిడ. నిద్రలో కూడా వేలు కదులుతోందని మా ఆయన ఫోన్లో వీడియో తీసి చూపించాడు. చూసి నవ్వుకున్నాం గానీ నవ్వాల్సిన సంగతి కాదు. ఈమధ్య ఆవిడ ఆ మాట అనట్లేదు.

కౌంటర్ దగ్గర కూడా నా చేతిలోకి తెచ్చుకోగలిగినవి కొన్ని తెచ్చుకున్నాను. సర్వర్ పోతే ఇదివరకు శాఖంతా ఒకటే పాట: “ఉండండి, వస్తుంది.” ఇప్పుడు నేను స్పష్టంగా చెప్పేస్తాను. “ఇప్పుడు లేదు. పదకొండున్నరకి ఒకసారి చూస్తా. రాకపోతే మీ నంబరు రాసిచ్చి పొలం వెళ్ళండి, వచ్చాక నేనే ఫోన్ చేస్తా.” వాళ్ళు వెళ్ళి పని చూసుకుంటారు, నా ముందు చూపుల బరువు తగ్గుతుంది. పాస్‌బుక్ ప్రింటింగ్ మధ్యాహ్నం రెండు తర్వాతే అని స్కెచ్‌పెన్‌తో నేనే పెద్దక్షరాలతో బోర్డు రాశాను. మొదట్లో తిట్టారు. తర్వాత వాళ్ళే కొత్తవాళ్ళకి చెప్తున్నారు, “రెండింటికి రాపో, పొద్దున చెయ్యదు ఆయమ్మ” అని.

వాట్సాప్ సంగతి మేనేజర్ గారితోనే తేల్చుకున్నాను. రాత్రి ఎనిమిది దాటాక గ్రూపు చూడను, నిజంగా అవసరమైతే ఫోన్ చేయండి అన్నాను. ఆయన నాకన్నా పదేళ్ళు చిన్న. కాసేపు నీళ్ళు నమిలి, “మీరు చూడకండి మేడం. నాకే తప్పదు” అన్నారు. ఇప్పటిదాకా రాత్రి ఫోను రాలేదు. అంటే ఆ మెసేజ్‌లు ఎంత అవసరమైనవో చూడండి.

సాయంత్రం టీ ఐదింటి నుంచి మూడున్నరకి జరిపాను. టీలోని కెఫీన్ ఐదుగంటలైనా సగం ఒంట్లోనే ఉంటుందట. బస్టాండు దాకా రాకుండా ఓ స్టాపు ముందే దిగి, మల్లమ్మ సెంటర్ మీదుగా నడిచి ఇంటికెళ్తాను. పోట్లాడటానికని ఒళ్ళు తెచ్చిపెట్టుకున్న చక్కెర అక్కడ ఖర్చవుతుంది. దారిలో కూరలు బేరమాడతాను, అదీ ఓ పోట్లాటేగా.

ఇవన్నీ రాశానని ఒంట్లో వచ్చే ప్రతిదానికీ టెన్షనే కారణం అనుకోకండి. ఊళ్ళో పెట్టిన వైద్యశిబిరంలో నా బీపీ 150/96 వచ్చింది. డాక్టరమ్మ ఒక్క రీడింగుతో ఏమీ తేల్చలేదు. ఇంట్లో మిషన్ పెట్టుకుని వారంపాటు పొద్దునా సాయంత్రం చూసి రాసుకురమ్మంది. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటున 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. నాది కొంచెం దాటింది. రక్తపరీక్షలో థైరాయిడ్ కూడా బయటపడింది. పని ఒత్తిడి ఖాతాలో వేసుకున్న అలసటలో సగం దానిదే! మాత్రలు మొదలుపెట్టాను, పచ్చళ్ళు తగ్గించాను. పల్నాడులో పుట్టి గోంగూర పచ్చడి తగ్గించడం ఎంత ఒత్తిడో ఏ అధ్యయనమూ లెక్కకట్టినట్టు లేదు.

ఊపిరితో, చీటీతో పోయేది కాదు అన్నీ. ఐదుగురితో పదిమంది పని చేయిస్తే దానికి మందు మనుషుల్ని వేయడమే. యూనియన్ మీటింగులో ఆ మాటే అన్నాను, మళ్ళీ అంటాను.

కొందరికి ఇంకా పెద్ద సాయం కావాలి. ఇందాక చెప్పానే, బల్ల బయటకి లాక్కున్న ఫీల్డాఫీసరు, బీహారు కుర్రాడు. ఆఫీసర్లకి దేశంలో ఎక్కడైనా పోస్టింగు. తెలుగు ముక్క రాదు, చేయాల్సింది పంట రుణాలు. రైతు ఏమంటున్నాడో అర్థం కాదు, అర్థమయ్యేసరికి రైతుకి కోపం. పింఛన్ల రోజున ఫారాలు నింపుతూ హుషారుగా ఉన్న పిల్లాడు ఆ ఏడు చివరికి వచ్చేసరికి క్యారేజీ తెరవకుండానే మూసేస్తున్నాడు. పలకరిస్తే “కుఛ్ నహీ, మేడం.” ఆదివారాలు గదిలోంచి బయటికి రావట్లేదని ఇంటి ఓనరు చెప్పాడు. ఇది ఊపిరి లెక్కపెట్టుకుంటే తీరేది కాదనిపించింది. టెలీ మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఫోను సేవ ఉంది. నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ హిందీలోనూ మాట్లాడతారు. నంబరు చీటీ మీద రాసిచ్చి ఊరుకుంటే చేయడని తెలుసు. మధ్యాహ్నం రికార్డు రూములో కూర్చోబెట్టి, నా ఎదురుగానే డయల్ చేయించి, తలుపు దగ్గరకి వేసి నేను బయటకొచ్చేశాను. చాలాసేపు మాట్లాడాడు. తర్వాత గుంటూరులో సైకియాట్రిస్టుకి చూపించుకున్నాడు, నెలరోజులు సెలవు పెట్టి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాడు, కొన్నాళ్ళు మందులు వాడాడు.

తిరిగొచ్చాక బాబాయ్ దగ్గర తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. బాబాయ్ నేర్పేది ఏ తెలుగో మీకు చెప్పక్కర్లేదు. మొన్న రెన్యూవల్‌కి ఎగ్గొట్టి తిరుగుతున్న రైతుని పట్టుకుని, “ఏందన్నా, రేపు రేపంటావు, నీ రేపు ఎప్పుడొస్తది?” అని నిలేశాడు. రైతు బిత్తరపోయి అక్కడికక్కడే మిత్తి కట్టేశాడు.